ఎక్కువైన మోత

మార్చి 9, ఆదివారం

పూజ్యులు బావగారికి,

మీ తమ్ముడి భార్య నమస్కరించి రాస్తున్న ఉత్తరం. అక్కయ్యకి కూడా నా నమస్కారాలు చెప్పండి. మేము క్షేమమని రాయాలి. సగం క్షేమం. వేళకి తింటున్నాం, పనులు చేసుకుంటున్నాం. మిగతా సగం గురించే ఈ ఉత్తరం.

చదివింది ఏడో తరగతి. మీ ఎదుట నాలుగు మాటలు కూడబలుక్కోలేనిదాన్ని. తప్పులుంటే మన్నించండి.

మీరు మా గడప తొక్కి పదకొండు నెలలైంది. ఆ కచేరీ సాయంత్రం హాల్లో మీరు పాడుతుంటే ఆయన గిటారు మోత మీ గొంతు మీదికెక్కింది. మీరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు. మూడోసారి పాట ఆపేసి, మైకు చేతిలో ఉండగానే, పాడేది నేనా నీ డబ్బానా అన్నారు. హాలంతా నవ్వింది. ఆయన పౌరుషానికి పోయి, నీ గొంతులో పస లేక నా డబ్బా మీద పడతావేం అన్నారు. అంతే, ఒక్క తల్లి బిడ్డలు ఉప్పూ నిప్పూ అయ్యారు.

ఆ డబ్బా మీరు చేసిందే. రేడియోలు బాగుచేసే మీ షాపులో పాత రేకు పెట్టెకి కన్నాలు పొడిచి మీటా గుండీ బిగించి తెచ్చారు. దీన్ని క్లీన్ బూస్ట్ అంటారురా, ఇది గొంతు మార్చదు, ఉన్న గొంతునే పెంచుతుంది అన్నారు. నేను టీ ఇచ్చి గుమ్మంలో నిలబడి విన్నాను. గిటారుని గరగరలాడించే ఆ బొంగురు పెడల్‌కి ముందు కలిపితే బొంగురే ముదురుతుంది, తర్వాత కలిపితే మోత పెరుగుతుంది, నీకు కావలసింది ఆ రెండోదే, నీ గిటారు ఒక్కటే మోగే సోలో రాగానే తొక్కు, అవగానే తీసెయ్ అన్నారు. మోత బయటికొచ్చే ఆ పెద్ద పెట్టెని, యాంప్‌ని, ముందే నిండా పెంచి కూర్చుంటే మాత్రం ఇదేం చెయ్యలేదు, నిండిన కుండలో నీళ్లు పోస్తే కుండ పెరుగుతుందా, ఒలుకుతుంది గాని అన్నారు. సరే గురువుగారూ, కుండల పాఠం అయితే వాయించుకోనిస్తావా అని మీ తమ్ముడు దణ్ణం పెట్టారు.

అంత తెలిసిన మనిషి ఆ సాయంత్రం మొదటినుంచీ దాన్ని తొక్కి అలాగే ఉంచేశారు. మీరు పొగరనుకున్నారు. పొగరు కాదు బావగారూ. ఆయనకి సరిగ్గా వినబడటం లేదు.

అప్పటికే ఏడాదిగా వినికిడి తగ్గుతూ వచ్చింది. పక్కనే కుక్కరు కూతలు పెడుతుంటే తీగలు మారుస్తున్న మనిషి తలెత్తలేదు. నేనెళ్లి భుజం తడితే, పిల్లిలా వస్తావేం అని నన్నే దబాయించారు. చెవి డాక్టరు చూసి, ఎడమది పోయినట్టే, కుడిది పోతోంది అన్నారు. బయటికొచ్చాక, మా అన్నకి చెప్పావో నా మీద ఒట్టే అన్నారు ఈయన. తెలిస్తే జాలిపడి పక్కన నిలబెట్టుకుంటాడు, ఆ జాలి నాకొద్దు అన్నారు. నేను నోరు కుట్టేసుకున్నాను.

ఇప్పుడు బయట ఎక్కడా వాయించడం లేదు. ఇంట్లో వైర్లు నేనే కలుపుతాను. గిటారు, బొంగురు పెడల్, తర్వాత మీ డబ్బా, ఆఖర్న యాంప్. మీరు చెప్పిన వరసే. యాంప్ తగ్గించి, మీ డబ్బా తొక్కుతాం. ఆయన నేల మీద కూర్చుని కుడి చెవి యాంప్ ముందువైపు గుడ్డకి ఆనించి వాయిస్తారు. మొన్న మధ్యలో ఆపి, ఇక్కడ అన్నయ్య అందుకోవాలి అన్నారు. మనసులో అనుకున్నాననుకున్నారు పాపం. పైకే అనేశారు. నేను వినలేదన్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయాను.

వానలు పడేనాటికి ఆ కాస్తా మిగలదని డాక్టరు చెప్పారు. అందుకే ఆయన మీద వేసిన ఒట్టు తప్పి రాస్తున్నాను. తప్పెవరిదో తర్వాత తేల్చుకోండి. ముందొచ్చి ఆయనకి కుడివైపు కూర్చుని ఒక్క పాట పాడండి. ఆలస్యమైతే మీరు పాడతారు, ఆయన మీ పెదవులు చూస్తారు.

ఇట్లు,
మీ మరదలు

తా.క. అసలు మాట దాచాను బావగారూ. ఆ సాయంత్రం మీరు రాకముందే ఆయన నన్ను హాలు చివరి వరసలో నిలబెట్టారు. నా చెవులతో పనవదు, నీ చెవులే నాకు దిక్కు, మోత ఎక్కువైతే చెయ్యెత్తు, తగ్గిస్తాను అన్నారు. మొదటి చరణంలోనే మీ గొంతు మునిగిపోయిందని నాకు తెలిసింది. చెయ్యెత్తితే అంతమందీ నా వైపు తిరుగుతారని సిగ్గుపడ్డాను. ఆయన నన్నే చూస్తూ వాయించారు. నేను కొంగు పట్టుకుని నిలబడ్డాను. ఇంటికొచ్చాక, నిజంగానే ఎక్కువైందా అని అడిగారు. లేదండీ, సరిగ్గానే ఉంది అన్నాను. అన్నయ్యే అన్యాయంగా అన్నాడని ఈ రోజుకీ ఆయన నమ్మకం.

ఇది పోస్టులో వేసి వచ్చి ఆయనకీ చెబుతాను. గట్టిగా అరిచి చెప్పాలి. వీధంతా వింటుంది. విననివ్వండి.