సెలవు వరుస కింద ఉన్నవాళ్ళు

ప్రియమైన మరదలికి,

కంగారులో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకో. నా పళ్ళ క్లినిక్‌కి నువ్వు చేసిపెట్టిన వెబ్ పేజీ చూసి మీ అన్నయ్య "అప్పుడే మూసేశావా?" అన్నారు. శుక్రవారం నుంచి ఊళ్ళో ఉండను కదా, "సెలవు" అనే వరుస చేర్చాను. అందరికీ కనబడాలని అన్నిటికన్నా పైన పెట్టాను. అంతే, నా పేరు, ఫోన్ నంబరు, సోమవారం నుంచి ఆదివారం దాకా ఏడు రోజులు, అన్నిటి మీదా అడ్డగీత పడింది.

పదిహేనేళ్ళు ఎవరి దగ్గర పనిచేశానో ఆ పెద్ద డాక్టరుగారిని వదిలి, ఆయన క్లినిక్ ఎదురుగానే నా తలుపు తెరిచాను. ఈ నెల ఎవరూ రాకపోతే తల దించుకుని మళ్ళీ ఆయన గడపే ఎక్కాలి.

ఇట్లు,
అడ్డగీత కింద ఉన్న నీ వదిన

తా.క. "క్లినిక్ తెరిచే ఉంది" అని కింద రాశాను. దాన్నీ కొట్టేసింది.

వదినా,

ముందు మంచినీళ్ళు తాగు. ఒకే పెట్టెలో ఉన్న వరుసలను మా పనిలో తోబుట్టువులంటాం. సెలవు వరుస తర్వాత వచ్చే తోబుట్టువులన్నిటినీ కొట్టెయ్యమని నేనే రాశాను. దానికి పైన ఉన్నవాటి జోలికి అది పోదు. దాన్ని గురువారం కిందికి దించు, చాలు. కింద కొత్తగా ఏం రాసినా కొట్టివేతే.

ఉంటాను,
నీ మరదలు

తా.క. మా ఇంట్లోనూ అంతే. పైనున్న అన్నయ్యను ఎవరూ ఏమీ అనరు, తర్వాత పుట్టిన నాకే తిట్లు.

మరదలా,

నీ మెయిల్ చూసేలోపే పదకొండు వరుసలు రాశాను. "డాక్టరు క్షేమం", కొట్టేసింది. "పుకార్లు నమ్మవద్దు", కొట్టేసింది. "నొప్పి ఉండదు", అదీ కొట్టేసింది. మందుల షాపాయన పరామర్శకు వచ్చి నా నాడి చూశాడు. భయమేసి పాస్‌వర్డ్ కూడా మార్చేశాను. మెయిల్‌లో రాస్తే ఎవరైనా చూస్తారేమోనని నీకూ చెప్పను.

కాళ్ళూ చేతులూ ఆడని
వదిన

తా.క. పెద్ద డాక్టరుగారు ఫోన్ చేశారు. "పేజీ చూశానమ్మా, రేపు వస్తాను" అన్నారు. నన్ను వెనక్కి తీసుకుపోవడానికే.

వదినా,

అయితే దించాల్సింది నువ్వే. పదకొండూ చెరిపెయ్యి. ఒక్క వరుస దించు. ఆయన వచ్చేలోపు.

నీకన్నా ఎక్కువ కంగారులో,
మరదలు

మరదలా,

చెరిపాను, దించాను. అంతలోనే ఆయన వచ్చేశారు. "నీ కుర్చీ ఖాళీగానే ఉంచానమ్మా" అంటారని నాకు ముందే ఏడుపొచ్చింది. ఆయన నేరుగా వచ్చి నా పేషెంటు కుర్చీలో కూర్చుని నోరు తెరిచారు. నెల నుంచి దవడపన్ను నొప్పట. తన దగ్గరున్న కొత్త డాక్టర్ల చేతికి నోరు అప్పగించలేక, నేనెప్పుడు తెరుస్తానా అని ఎదురుచూశారట. "నువ్వు మూసేస్తే నా పన్ను గతేమిటమ్మా?" అన్నారు. పీకేశాను. చెంప పట్టుకుని ఆయన బయటికి వెళ్ళేసరికి, ఎదుట ఆయన వాకిట్లో నిలబడి చూసిన పేషెంట్లు నలుగురు నా బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

ఊపిరి పీల్చుకుంటున్న
వదిన

తా.క. పేజీ బాగుంది. శుక్ర, శని, ఆదివారాల మీదే గీత. కాకపోతే వాటి కింద "ఈ పేజీ తయారుచేసింది మరదలు" అని ఉంది చూడు, అదీ అదే పెట్టెలో పెట్టినట్టున్నావు. కొట్టేసింది. నువ్వన్నది నిజమే, తర్వాత పుట్టినవాళ్ళకే తిట్లు.