నువ్వు టోపీ తీసిన చోటు

కోదాడ,
18 ఏప్రిల్ 1949.

తమ్ముడు యేసయ్యకు,

నీ ఉత్తరాలకు ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. నిన్న ఈస్టరు పండుగ తెల్లవారుజామున మన సమాధుల తోటలో నువ్వు చేసిన ప్రార్థన విన్నాక, రాయకుండా ఉండలేకపోయాను. వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. ప్రభువు నిన్నూ చల్లగా చూడాలి. నీ కోసం ఆయనను ఇంతకు మించి అడగడానికి నాకు నోరు రావడం లేదు.

మోకాలి నొప్పి తగ్గిందా అని, సభలకు పోయిన మిర్యాలగూడ నుంచి రాశావు. తగ్గలేదు. బందరు యాత్ర నచ్చిందా అన్నావు. నచ్చలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నీతో ఎందుకు మాట్లాడలేదని అడిగావు. అది చెప్పడానికే కూర్చున్నాను.

మన చర్చి ఆడవాళ్లకు సముద్రం చూపిస్తానని పాస్టరుగా నువ్వే బస్సు మాట్లాడావు. బందరు చర్చి పెద్ద ఒకాయన దగ్గరుండి రేవు, పాత కోట, ఉప్పెన ముంచిన పేట, అన్నీ చూపించాడు. మైసమ్మ సముద్రపు నీళ్లు నాలుకకు రాసుకొని, "కడవ తెచ్చుకుంటే ఉప్పు కొనే బాధ తప్పుతుండెగదనే!" అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదే చివరి నవ్వు.

తరువాత ఆయన మనల్ని డచ్చి దొరల సమాధుల దగ్గరికి తీసుకుపోయాడు. ఒక రాతిమీద కత్తి చెక్కి ఉంది. "ఈయన కోటకు కాపలా కాసిన సేనానండి. ఎంతమందిని చంపాడో లెక్క లేదంటారు. చూడండి, ఎంత దర్జాగా పడుకున్నాడో!" అన్నాడు. నువ్వు వెంటనే టోపీ తీసి చంకలో పెట్టుకొని తల వంచావు.

మైసమ్మ ఊరుకోలేదు. "కత్తి వట్టినోనికి గింత మంచి జాగనా అయ్యగారూ? మరి మన బిక్షానికెందుకు ఇయ్యకపోతిరి?"

"అది వేరు, ఇది వేరు. జర ఊకో మైసమ్మా," అన్నావు.

ఏది వేరు, యేసయ్యా?

నిజాము రోజుల్లో నా కొడుకు బిక్షం తూటా తగిలి పోయినప్పుడు, వాడిని బండిమీద తోట గేటు దాకా తెచ్చాం. నువ్వు సైకిలు దిగలేదు. టోపీ నెత్తిమీదే ఉంది. "తుపాకి వట్టిండక్కా. గీడ పెట్టనియ్య. గోడ అవతల పెట్టుకోండ్రి," అన్నావు. వాడు తుపాకి పట్టిన మాట నిజం. నేనెన్నడూ కాదనలేదు. వాడికి బాప్తిస్మం ఇచ్చిన చెయ్యి నీదే. ఆ చెయ్యే గోడ అవతలికి చూపించింది. గేదెలు తిరిగే చోట, ముళ్లకంప అడ్డం పెట్టి పాతుకున్నాను.

బందరులో నువ్వు కొనిచ్చిన హల్వా నేను తినలేదు. దాన్ని గోతులు తవ్వే గోపయ్యకు ఇచ్చాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

పండుగ ముందు శనివారం మనవాళ్లందరూ ఎవరి సమాధులు వాళ్లు బాగు చేసుకుంటారు గదా, గడ్డి చెక్కి, కొత్త మట్టి పోసి, సున్నం కొడతారు. మొన్న నేనూ గోపయ్యా నాయన సమాధి పక్కన తవ్వాం. నువ్వు నీ కోసమని హద్దురాళ్లు పాతుకున్న జాగాలోనే. పట్టపగలే తవ్వాం. చుట్టూ అందరూ అదే పనిలో ఉన్నారు, ఎవరూ ఏమీ అడగలేదు. నా తెల్లచీరలో మూటగట్టి బిక్షాన్ని గోడ ఇవతలికి తెచ్చుకున్నాను.

"అయ్యగారికి తెలిస్తే ఎట్లమ్మా?" అన్నాడు గోపయ్య.

"తెలుస్తది. నేనే చెప్త," అన్నాను.

నిన్న తెల్లవారుజామున నువ్వు వచ్చి సరిగ్గా ఆ కొత్త మట్టి ముందే నిలబడ్డావు. టోపీ తీశావు. చెయ్యి చాపి, "ఈ మట్టిలో నిద్రించే నీ బిడ్డలందరినీ చివరి దినాన లేపు తండ్రీ," అన్నావు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే. నువ్వు తిరిగి చూశావు కూడా.

వాడికి దక్కవలసిన ప్రార్థన దక్కింది. నీకు నా క్షమాపణ మాత్రం ఇంకా దక్కలేదు. దాని కోసం రోజూ మోకరిస్తున్నాను, రావడం లేదు. వాడిని మళ్లీ గోడ అవతల వేయాలనుకుంటే గోపయ్య రాడు. నువ్వే పలుగు పట్టాలి. లేదంటే నీకు వేరే జాగ చూసుకో.

ఈ కాగితాలు చింపకు. నీ బైబిల్లో దాచుకో. ఎవరికీ చూపకు.

ఇట్లు,
బిక్షం తల్లి, నీ అక్క
అన్నమ్మ