పొట్టుకత్తికి కొత్త పిడి

ఫిబ్రవరి 8, 1999

పాపం అన్నాడట.

శ్రీరామనవమి పందిరి పెద్దలందరి ముందూ కూర్చుని, "మా బావమరిదికి చెయ్యి పోయిందండి, పాపం. ఈ ఏడు సంతర్పణకి పనసపొట్టు నేను కొడతాను లెండి" అన్నాడట పేర్రాజు బావ. తిట్టినా పడేవాణ్ణి. పాపమా!

చెయ్యి పోలేదు. కాలవ రేవులో జారిపడి విరిగిన మణికట్టు కాస్త వంకరగా అతుక్కుంది, అంతే. అన్నం తింటున్నాను. ఇదిగో, రాస్తున్నాను. పొట్టు కొట్టడం దగ్గరే... మణికట్టు మడత పడదు. మడత పడకపోతే దెబ్బ పడదు.

ఫిబ్రవరి 10

పనసపొట్టు కొట్టడం ఏ బడిలోనూ చెప్పరు. చెప్పి ఉంటే నేనూ నాలుగో క్లాసు దాటేవాణ్ణేమో. ఎడం చేతిలో కాయ తిరుగుతూ ఉండాలి. కుడిచేతి కత్తి చినుకుల్లా పడుతూ ఉండాలి. గాట్లు నిండాక అడ్డంగా ఒక్క చెక్కు చెక్కితే పొట్టు జలజలా రాలాలి. పోగు సన్నంగా ఉంటేనే కూరకి ఆవ పడుతుంది. ముతకదైతే గొడ్ల మేతే.

నాన్నగారి తరవాత ఈ ఊళ్ళో నవమికి కత్తి పట్టింది నేను. ఒక్క ఏడు ఆ పీట ఖాళీ చేశానా, మళ్ళీ నాకు దక్కదు. పేర్రాజు బావ కూర్చున్న చోటు నుంచి లేచినట్టు చరిత్రలో లేదు. మా అక్కయ్యని అడగండి.

ఫిబ్రవరి 13

ఇస్త్రీ బండి దగ్గర పంచె కోసం నిలబడ్డాను. పెట్టె తోస్తున్నవాడి చెయ్యి చూస్తున్నాను. మణికట్టు కదలదే! పిడి పెట్టె నెత్తిన ఉంది మరి. పనంతా మోచేతిది, భుజానిది.

మన పొట్టుకత్తికి పిడి వెనకాల. తాతల నాటి నుంచీ వెనకాలే. ఎందుకని ఒక్కడూ అడగలేదు. అదే పిడిని కత్తి వీపు మీదకి ఎక్కిస్తే?

ఆలోచించుకుంటూ ఇంటికొచ్చాను. "పంచేదండీ?" అంది మా ఆవిడ మంగతాయారు. ఇస్త్రీ బండి మీదే ఉండిపోయింది.

ఫిబ్రవరి 17

పి.గన్నవరం. కమ్మరి అప్పారావు నేను గీసిన కత్తి బొమ్మని తిరగేసి చూశాడు, బోర్లేసి చూశాడు.

"వంకర మీ చేతిదైతే కత్తినెందుకండీ వంచడం?"

"చెయ్యి వంచడం నీకొచ్చా?"

"రాదండి."

"వచ్చిందే చెయ్యి."

కత్తికి పాత లారీ కమాను బద్ద. దాని వీపున రెండు కాళ్ళు, కాళ్ళ మీద అడ్డంగా పిడి. వారం అన్నాడు. కమ్మరి వారం పంచాంగానికి అందదు.

ఫిబ్రవరి 26

వచ్చింది. కాయలు ఇంకా పిందెలు. ఆగలేక ఆనపకాయ మీద కొట్టాను. కొట్టడం కాదు, బాదడం. పిడి సరిగ్గా నడిమధ్యన ఉంది, ముందుకి తూగదు. ముక్కు బరువుగా ఉంటేనే కత్తి తనంతట తను పడుతుంది. పిడి వెనక్కి జరగాలి. మళ్ళీ గన్నవరం.

బావ ఎదురింటి అరుగు మీంచి చూస్తూనే ఉన్నాడు. "ఇస్త్రీ మొదలెట్టేరా బావమరిదిగారూ? మా పంచెలు పంపమంటారా అండీ?"

ఆనపకాయ ముక్కలు ఏరుకుని లోపలికొచ్చేశాను. పలికితే తెల్లారిపోయేది.

ఫిబ్రవరి 27

ఇది ఇవాళ్టి పగ కాదు. మా అక్కయ్యని చూసుకోవడానికొచ్చిన పూట భోజనంలో పనసపొట్టు కూర వేశాం. పెళ్ళికొడుకు రెండోసారి వేయించుకున్నాడు. మూడోసారీ వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "పొట్టెవరు కొట్టేరండీ? రవ్వంత ముతగ్గా ఉంది" అన్నాడు.

కొట్టింది నేను. మూతి మీద మీసం కూడా రాని రోజులు. మూడుసార్లు తిన్నవాడు అనాల్సిన మాటేనా అది? పిల్ల నచ్చిందో లేదో చెప్పడానికి వారం తీసుకున్నాడు గానీ, దీనికి మాత్రం చేతి తడి ఆరేదాకా కూడా ఆగలేదు.

మార్చి 4

పిడి వెనక్కి జరిగింది. పడుతోంది! మణికట్టు నిద్రపోతోంది, మోచెయ్యి కొడుతోంది. ఆనపకాయ రవ్వరవ్వ అయిపోయింది. రోజూ ఆనపకాయ పులుసే తింటున్నాం. మంగతాయారు నాతో మాట్లాడ్డం తగ్గించింది.

మార్చి 8

పిడి మరీ మోటుగా ఉంది. పదిమందిలో తియ్యాల్సిన కత్తి. గరుకు కాగితం పట్టి, లక్క పూయించి, గుడ్డతో రుద్దాను. అద్దం. వంగితే నా ముక్కు కనిపిస్తోంది.

మార్చి 12

రాయకూడదు. రాస్తాను.

బావ అరుగు మీద పందిరి పెద్దలు కూడారు. ప్రెసిడెంటుగారు, "పోనీ, ఆయన కత్తీ చూద్దావండీ" అన్నారు. ఈ ఏటి మొదటి పనసకాయ తెచ్చారు. అక్కయ్య తొక్క చెక్కి ఇచ్చింది. పనస పాలు అంటుకోకుండా చేతులకి నూనె రాసుకున్నాను. ఎప్పుడూ రాసుకునేదే. పీట మీద కూర్చున్నాను. ఎత్తాను...

ఆనపకాయకి నూనె అక్కర్లేదు. పనసకాయకి నూనె లేనిదే కుదరదు. నూనె చేతిలో అద్దం లాంటి పిడి. ఇన్నాళ్ళూ ఆ రెండూ నా బుర్రలో కలవలేదు.

కత్తి చేతిలోంచి లేచి పెద్దల నెత్తి మీదుగా వెళ్ళి అరటిబోదెలో దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

బావ తాపీగా లేచి అరటిబోదె చుట్టూ తిరిగి చూశాడు. "బాగా దిగిందండీ. పొట్టుకి కాదు గానీ, గెలలు కొయ్యడానికి పనికొస్తుంది. మనం చెట్టు దాకా వెళ్ళక్కర్లేదు."

ప్రెసిడెంటుగారు కూడా నవ్వారు. నిరుడు నా పొట్టు తిని విస్తరి ముందు నుంచి లేవలేక లేచిన మనిషి.

కత్తి అక్కడే వదిలి వచ్చేశాను.

మార్చి 13

పీట బావకి ఖాయం చేశారట. ఆయ్, కూర్చోమనండి.

మార్చి 16

అక్కయ్య వచ్చింది. "కత్తి తెచ్చుకోవేరా?"

"నీ మొగుణ్ణే ఉంచుకోమను."

"ఆయనా అంతే. తెచ్చిస్తే సొమ్మేం పోయిందంటే, వచ్చి అడగమను అంటారు. మీ ఇద్దరికీ తాళి కట్టాల్సింది, మధ్యలో నేనెందుకు!"

మజ్జిగ తాగి వెళ్ళిపోయింది.

మార్చి 20

పొద్దున గేటుకి వేలాడుతోంది కత్తి.

పిడి మీద లక్క లేదు, గీకేశారు. దాని మీద సన్నటి కొబ్బరితాడు, పోగు పక్కన పోగు, బిగించి చుట్టి ఉంది. ఆ చుట్టు నాకు తెలుసు. కుర్రతనంలో కొబ్బరికాయల పడవల మీద తిరిగిన బావ చుట్టు. తడి చేతికి జారకుండా పడవ తోసే గెడకి అలాగే చుడతారు. తడికి జారనిది నూనెకి జారుతుందా?

ఎవడు చుట్టమన్నాడు? నా కత్తి అది. తప్పు నాది, దిద్దుకునేవాణ్ణీ నేనే. ఇక ఈ కత్తితో ఎంత సన్నంగా కొట్టినా ఊళ్ళో ఏమంటాడో నాకు తెలుసు. "చుట్టు మనదేనండీ."

విప్పేద్దామని చాకు తీశాను. విప్పడానికి కొస దొరకలేదు. వెధవ, కొస ఎక్కడ దాచాడో!

మార్చి 22

పట్టుకోలేదు. చూరుకి తగిలించి ఉంది. అటు చూడ్డం లేదు.

మార్చి 24

రేపే నవమి. పనసకాయలన్నీ ఎదురింట్లో దిగాయి. బావ పాత కత్తితో మొదలుపెట్టాడు. చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. టక్కు టక్కు... ఆగుతోంది. మళ్ళీ టక్కు... ఆగుతోంది. ఇంతసేపు ఆగదే ఆయన చెయ్యి!

ఇందాక ఒక కాయ పంపించాడు, అన్నిట్లోకీ పెద్దది. అక్కయ్య మోసుకొచ్చింది. కబురు కూడా ఆవిడ నోటే. "కొట్టి పంపమను. ముతగ్గా ఉంటే మా ఆవుకేస్తాం."

"నేనేమైనా ఆయన కూలివాణ్ణా?" అన్నాను.

"అది మీరూ మీరూ చూసుకోండి. కాయ మాత్రం పాలు కారుతోంది" అంది.

సందు వైపు కిటికీ తెరిచే ఉంది. అరుగు మీద చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. ఇటే చూస్తున్నాడు.

కత్తి జారిందా, ఊరంతా మళ్ళీ పాపం అంటుంది. జారలేదా, ఆయన చుట్టు గెలుస్తుంది.

మంగతాయారు కాయ చెక్కేసింది. చూరు మీంచి కత్తి తీసి పీట పక్కన పెట్టింది. నూనెగిన్నె నా మోకాలి దాకా తోసింది. నూనె రాసుకుంటే కలం పట్టుకోలేను. అందుకే ముందు ఇది రాస్తున్నాను. రాస్తూ ఎంతసేపు కూర్చోగలను?

"ఏవండీ, కాయ నల్లబడిపోతోంది..."