గట్టు మీది పాచిరాయి

శ్రీవారికి నమస్కరించి బేబీరాణి రాస్తున్నది.

నా రాత వంకర, తప్పులూ ఉంటాయి, మన్నించండి. ఎప్పుడూ చదివి కాల్చేయమనేదాన్ని. ఈసారి అనను, మీ సార్‌కి చూపించాలి. ఇక్కడ అందరం ఒంట్లో బాగానే ఉన్నాం. అంతవరకే బాగున్నాం.

మీ బట్టల సంచిలో పొరపాటున వచ్చేసిన రాయి భద్రమేనా అని అడిగారు. ఈ ఉత్తరంతోపాటే పార్సిల్ చేస్తున్నాను. అది చేరకపోతే అనంతరామయ్య సార్ మిమ్మల్ని పనిలోంచి తీసేస్తారని చదివాక ముద్ద దిగలేదు. కానీ దాని నిండా పసుపుంది. లోపల కోస్తే మీ రాళ్ల పరీక్షకి పనికొస్తుందేమో అడగండి. అత్తయ్యగారు దాన్ని చెరువుగట్టున పెట్టి అమ్మవారని రోజూ పూజ చేస్తున్నారు. నిన్న వారు పెదపాడు వెళ్లినప్పుడు తీసేశాను.

రాత్రి మళ్లీ ముసురు పట్టింది. తెల్లారేసరికి మన చెరువులో చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి. కరెంటు లేదు, నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు తిరగలేదు.

"అమ్మోరిని పార్సిల్ కడతావటే? పోస్టాఫీసోడికి చెప్పు, కొబ్బరికాయ కొట్టి మరీ ముద్ర వెయ్యమని!" అని, రాయి సంగతి తెలిసి అత్తయ్యగారు గట్టు మీదే అరిచారు.

"అది మీ అబ్బాయి వాళ్ల సార్‌దండీ అత్తయ్యా," అన్నాను.

"అయితే ఆ సార్‌నే వచ్చి చేపల్ని బతికించమను. అప్పటిదాకా నా గడప తొక్కకు."

పక్కింటి మరియమ్మగారి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఇక్కడికి చచ్చిన చేపల వాసన కొడుతోంది.

మీకు చెప్పనిదొకటుంది. మొదట పసుపు రాసింది అత్తయ్యగారు కాదండీ, నేను. మీరు సెలవుకొచ్చినప్పుడు చెప్పారు కదా, ఆ కడప కొండలు ఒకప్పుడు సముద్రమనీ, నీళ్లలో ఊపిరే లేని కాలంలో కంటికి కనబడని పాచి పొరమీద పొర సున్నం పట్టి ఈ రాయైందనీ, సముద్రానికి గాలి పోసింది ఆ పాచేననీ. మీరెళ్లాక ఓ తెల్లవారుజామున చేపలు తేలాయి. దిక్కుతోచక రాయికి పసుపు రాసి గట్టున పెట్టి, అంత సముద్రానికి పోశావు, మా చెరువుకి పొయ్యవా అని మొక్కాను. చేపలు మళ్లీ నీళ్ల లోపలికి దిగాయి. ఆ రోజు ఎండ కాసిందని, అందుకే దిగాయని నాకు తెలుసు. పసుపు చూసి అమ్మవారనుకున్న అత్తయ్యగారికి మాత్రం చెప్పలేదు.

కొండ దిగి, సిగ్నల్ ఉన్నచోట అత్తయ్యగారికి ఫోన్ చెయ్యండి. చేపలు చచ్చింది రాయి తీసినందుకు కాదని చెప్పండి. మీరు చెబితే వింటారు. ఆ మాట నాకూ ఒకసారి చెప్పండి, నాకూ నమ్మకం చాలడం లేదు.

ఇట్లు,
మీ ఇల్లాలు
బేబీరాణి