అమ్మ పంచిన బీపీ గోలీలు

2006 జూలై 12, బుధవారం

ఇవాళ కలుపు తీస్తూ పెద్దమ్మ చేనులోనే పడిపోయింది. నర్సు ట్రైనింగులో నేర్పినట్టు బీపీ చూస్తే బాగా తగ్గి ఉంది. అప్పుడు అమ్మ మెల్లగా నోరు విప్పింది.

"అక్కకు తల తిరుగుతుందంటే వారం సంది నా గోలీలే ఇస్తున్న బిడ్డా."

"డాక్టరుకు సూపియ్యకుండ ఎట్లిచ్చినవమ్మా?"

"కొత్త గోలీ మస్తు మంచిది, దినాం ఒక్కటేస్తే సాలని నువ్వే గద అన్నవు! సదువుకున్నదానివి, అబద్ధమాడ్తవా?"

నిజమే, వాడకట్టంతా వినేలా అన్నాను. తల తిరిగిన ప్రతిసారీ అది బీపీ కాదని, బీపీ పెరిగినా చాలామందికి ఏమీ తెలియదని మాత్రం చెప్పలేదు. దవాఖానలో సెలైన్ ఎక్కించాక పెద్దమ్మ తేరుకుంది. ఇంటికొచ్చి, ఇంకెవరికిచ్చావని అమ్మను అడిగాను. నాలుగు పేర్లు చెప్పింది. ఐదో మనిషి ఎవరో గుర్తుకు రావడం లేదంటోంది.