పచ్చది నొక్కండి

నవంబర్ 3, సోమవారం

మీటింగ్. మన సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి కొత్త ఇంటర్‌ఫేస్ కావాలా అని. అక్కర్లేదన్నారు మేనేజర్ ఉదయ్ భాస్కర్ గారు. బాలానగర్ డయాలసిస్ సెంటర్ కంప్యూటర్లలో వైరస్ దూరడం మన తప్పు కాదట. అనుమానపు ఫైల్ రాగానే స్క్రీన్ మీద మన హెచ్చరిక బాక్స్ వచ్చింది. రిజిస్ట్రేషన్ క్లర్క్ మొగిలి కంటిన్యూ నొక్కాడు. రిపోర్ట్‌లో రెండే ముక్కలు: యూజర్ ఎర్రర్.

ఆ బాక్స్ డిజైన్ చేసింది నేనే. కంటిన్యూ బటన్ పెద్దది, పచ్చది. ఫైల్‌ని ఆపేసే బ్లాక్ బటన్ కింద, బూడిద రంగులో, చీమ తలకాయంత. పాత ఎర్ర బాక్స్ చూసి జనం హడలిపోతున్నారండీ, కాస్త చల్లగా ఉండాలండీ అని ఉదయ్ భాస్కర్ గారే అడిగారు. చేశాను. మెచ్చుకుని షీల్డ్ కూడా ఇచ్చారు.



నవంబర్ 4

వైరస్ వల్ల పేషెంట్ల లిస్ట్ తెరుచుకోక సత్తెమ్మ అనే ఆవిడను ఆ రోజు డయాలసిస్ చేయకుండానే వెనక్కి పంపారట. రెండు రోజులకే పోయిందట. రిపోర్ట్‌లో ఆవిడ పేరు లేదు.

నవంబర్ 5

కొండాపూర్ సిగ్నల్‌లో పచ్చ లైట్ పడింది. బండి కదపలేకపోయాను. ఏందమ్మా, పండుకున్నవా అని అరుచుకుంటూ పోయాడొకాయన.

నవంబర్ 6, సాయంత్రం 5

బాలానగర్ వెళ్ళాను, సైట్ విజిట్. మొగిలిని సస్పెండ్ చేశారు, అయినా ఏం జరిగిందో నాకు చూపించడానికి పిలిపించారు. యాభై దాటి ఉంటాయి. నాకు ఇంగ్లిష్ అంతగనం రాదు మేడం, లైన్ల మంది నిలవడి ఉంటరు, డబ్బా వస్తే పచ్చది నొక్కుమన్నరు, నొక్కిన అన్నాడు. ఎవరన్నారు అని అడిగాను. కాయితం ఉంది గద అని చూపించాడు.

మానిటర్‌కి మొన్న దసరా ఆయుధ పూజలో పెట్టిన బొట్లు. పసుపు, కుంకుమ. వాటి మధ్య టేప్ వేసిన చిన్న కాగితం. దాని మీద పడకుండా చుట్టూ జాగ్రత్తగా పెట్టారు బొట్లు.

బాక్స్ వస్తే పచ్చది నొక్కండి.

నా రాత. అయ్యో, నా రాతే! రెండేళ్ళ కిందట సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజు. అందరూ చుట్టూ మూగి ఏది నొక్కాలి అంటే ఏది నొక్కాలి అని ప్రాణం తీశారు. నాకేమో ఆకలి. రాసి అతికించి వచ్చేశాను. అప్పుడు మాస్క్ వేసుకున్నాను కదా, మొగిలి గుర్తుపట్టలేదు. ఎవరో కంపెనోళ్ళు రాసిన్రు, ఊడిపోకుంట నేనే టేప్ మారుస్తున్న అని గొప్పగా చెప్పాడు.

నాకు చాయ్ తేవడానికి వెళ్ళాడు. ఆ కాస్సేపట్లో కాగితం పీకి పర్సులో వేసుకున్నాను.

చాయ్ తాగాను కూడా. సిగ్గులేని ముండని.

నవంబర్ 7

పర్సు తెరవలేదు.

నవంబర్ 10

అక్కడ ఎంక్వయిరీ అయింది. కాగితం ఉండె సార్ అన్నాడట మొగిలి. వెళ్ళి చూస్తే బొట్ల మధ్య టేప్ మరక తప్ప ఏమీ లేదట. ఒట్టు పెట్టుకుని ఏడ్చాడట. ఉదయ్ భాస్కర్ గారు ఇదంతా నవ్వుతూ చెప్పారు. మొగిలిది పదిహేడేళ్ళ సర్వీస్. బుధవారం తీసేస్తారు.

కొత్త ఇంటర్‌ఫేస్‌కి మాత్రం ఓకే అయింది. చదువు రానివాళ్ళు కూడా వాడుతున్నారు కదండీ అన్నారు. డిజైన్ నాకే ఇచ్చారు.

నవంబర్ 11, మధ్యాహ్నం

ఖాళీ స్క్రీన్. బాక్స్ గీశాను, చెరిపాను. సత్తెమ్మను నేనెప్పుడూ చూడలేదు. అయినా నా సీటు పక్కనే నిలబడింది. కొంగు భుజం మీద, చేతికి సూది గుచ్చిన చోట దూది. కోపంగా లేదు. ఏది నొక్కాలె బిడ్డా అని అడుగుతోంది. వెనక్కి తిరిగితే ఏసీ చప్పుడు. భయమేసింది, లేచి క్యాంటీన్‌లో జనం మధ్య కూర్చున్నాను. అక్కడా అడిగింది.

పర్సు తెరిచాను. కాగితం ఈ పేజీకి అతికించాను. కిందా నా రాత, పైనా నా రాత. పోల్చి చూడటానికి ఎవరికైనా చాలు.

నవంబర్ 12, బుధవారం, ఉదయం 8:10

కాగితం అతికించిన నిన్నటి పేజీ చింపి పర్సులో పెట్టుకున్నాను. బాలానగర్ వెళ్తున్నాను.

మొగిలి గారూ, అది రాసింది నేను. పీకిందీ నేనే.