బావిలోకి దించిన ఇంజన్

నల్లమాడ

గిరి బావకు,

మల్లీశ్వరి నమస్కారాలు. ఇక్కడ అత్త, మామ, జయరాం, నేను, అందరం క్షేమం. ఈ మాట అలవాటుగా రాయలేదు బావా. ఒక్కొక్కరి మొహం చూసి వచ్చి, కూర్చుని రాశాను. ఆ మంచుకొండల మీద కాపలాలో ఉన్న నువ్వూ బాగున్నావని నమ్ముతున్నాను.

చెనిక్కాయ పైరు ఎట్లా ఉందని అడిగావు. ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే వేళకు వాన మొండికేసింది. మన బోరు వట్టిపోయింది. పాతబావిలో మాత్రం అడుగున కాస్త నీళ్లున్నాయి. మామ పెట్రోలింజన్ బాడుగకు తెచ్చాడు. పైన పెడితే నీళ్లు ఎత్తడం లేదని, దాన్ని బావి లోపలి గట్టు మీదికి దించారు. ఇప్పుడు పక్క చేని శ్రీరంగప్ప తన బోరు నుంచి పైపు వేసుకోనిచ్చాడు. పైరు నిలిచింది, దిగులుపడకు.

నీకు సిగ్నల్ దొరికిన రోజు మామ ఫోన్‌లో ఎందుకు మాట్లాడలేదని కూడా అడిగావు. పొలంలో ఉన్నాడని జయరాంతో చెప్పించింది నేనే. మామ అప్పుడు కదిరి ఆసుపత్రిలో ఉన్నాడు.

ఆ ఉదయమంతా ఇంజన్ బావిలోనే ఆడింది. నీళ్లు సన్నగిల్లాయని, పైపు సరిచేయడానికి మామ దిగాడు. మెట్లు పాచిపట్టి ఉన్నందున నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస పైన ఉన్న నాకూ జయరాంకూ ఇచ్చాడు. కాసేపటికి ఇంజన్ పక్కనే కూర్చున్నాడు. అలిసిపోయాడేమో అనుకున్నాను. పిలిస్తే తలెత్తలేదు. అట్లాగే పక్కకు ఒరిగిపోయాడు.

జయరాం చెప్పులు విడిచి మెట్టు మీద కాలు పెట్టాడు. నేను చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను.

"ఇడిసిపెట్టు వదినా, నాయన పడిపోయినాడు."

"పడినాడు కాబట్టే నువ్వు దిగొద్దు. లోపల గాలి చెడిపోయుండాది. తాడుండాది కదా, లాగు."

పక్క చేనులోంచి శ్రీరంగప్ప పరుగెత్తుకొచ్చాడు. వాళ్లిద్దరూ లాగుతుంటే, మామ తల రాళ్లకు తగలకుండా నేను బావి అంచున వంగి తాడును పక్కకు జరుపుతూ ఉన్నాను. పైకి వచ్చేసరికి ఆయనకు ఊపిరి ఆడుతోంది, తెలివి మాత్రం లేదు. 108లో కదిరికి తీసుకుపోయాం.

అక్కడి డాక్టరమ్మ ఆశ్రిత చిలమత్తూరు పిల్ల. మామకు వెంటనే ఆక్సిజన్ మాస్కు పెట్టింది. రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి వేలికి తగిలించిన క్లిప్పు తొంభై ఎనిమిది చూపిస్తుంటే జయరాంకు ప్రాణం లేచొచ్చింది.

"అంతా బాగుండాది కదా మేడం, ఇంకా మాస్కు ఎందుకు?"

"ఆ క్లిప్పును నమ్మొద్దన్నా. అది రక్తం రంగు చూసి చెప్తాది. ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కినా రక్తం ఎర్రగానే ఉంటాది. క్లిప్పు దాన్ని ఆక్సిజనే అనుకుంటాది."

"మరి లోపల ఏమైతాండాది?"

"రక్తంలో హిమోగ్లోబిన్ షేర్ ఆటో మాదిరి అనుకో. నాలుగు సీట్లు. ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్ ఎక్కుతాది, ఒంట్లో యాడ కావాలంటే ఆడ దిగుతాది. ఇంజన్ పొగలోని ఈ గ్యాసు ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లు గట్టిగా సీటు పట్టుకుంటాది, అంత సులువుగా దిగదు. అది కూర్చుంటే పక్క సీట్లో ఉండే ఆక్సిజన్ గూడా సరిగ్గా దిగదు. గుండె, మెదడు దారిలో నిలబడి చూస్తాంటే ఆటోలు పోతాంటాయి. మాస్కుతో ఆక్సిజన్ నిండుగా పంపిస్తే, నిదానంగా దాన్ని దింపేయొచ్చు."

బావా, మీ గదిలో వెలిగించే స్టవ్ పొగగొట్టం మంచుతో మూసుకుపోకుండా చూసుకో. చలిగా ఉందని సందులన్నీ మూసి పడుకోవద్దు. ఆ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి వస్తే కొండగాలి పడలేదనుకోక, అందరినీ లేపుకుని బయటికి రా.

ఇక ఇంతదాకా దాచిన మాట. డాక్టరమ్మ నా వైపు తిరిగి, "నువ్వూ అంచున వంగి ఉంటివి కదా, నీకెట్లుండాది?" అంది. తల పగిలిపోతోంది, దారిలో వాంతి కూడా అయింది. అయితే ఆ వాంతులు కొన్ని వారాలుగా ఉన్నవే. అది చెప్పగానే ఆమె ఇంకో ప్రశ్న అడిగింది. అవునన్నాను.

నాకు మూడో నెల బావా. పోయినసారి అందరికీ చెప్పుకుని, తరువాత పోగొట్టుకున్నాం. నువ్వు అంతదూరంలో ఒక్కడివే ఏడ్చావు. అందుకే ఈసారి నిలిచాక చెబుదామని నోరు కట్టేసుకున్నాను.

ఆమె వెంటనే నాకూ మాస్కు పెట్టింది. "నీ రక్తంలోంచి పోయినంత తొందరగా బిడ్డ రక్తంలోంచి పోదు. నీకు బాగైందనిపించినా తీయొద్దు, ఇంకా చాలాసేపు పెట్టుకోవల్ల" అంది. పెట్టుకున్నాను. ఆ పూట భయపడ్డాను, నిజమే.

తెలివొచ్చిన మామ పక్క మంచం మీదినుంచి నన్ను చూసి, తన మాస్కు కిందికి లాగి అడిగాడు.

"నువ్వు బావిలో దిగలేదు గదమ్మీ, నీకెందుకు ఇది?"

చెప్పక తప్పలేదు. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "వానికి నేను చెప్పను, జయరాంను చెప్పనీయను. నువ్వే చెప్పల్ల" అన్నాడు.

ఇప్పుడు మామ లేచి తిరుగుతున్నాడు. ఇంజన్ వాపసు ఇచ్చేశాడు. మొన్న నాకు స్కాన్ చేశారు. బిడ్డ ఎదుగుదల సక్రమంగా ఉందన్నారు. గుండె చప్పుడు వినిపించారు. అత్త పక్కనే నిలబడి, "ఇంకోసారి పెట్టమ్మా, నేను సరిగ్గా ఇనలేదు" అంది. ఆమె చెవులకు ఏ లోపమూ లేదు బావా.

ఇది చదివి వెంటనే సెలవు అడగొద్దు. వండిపెట్టడానికి అత్త ఉంది, తిట్టడానికి మామ ఉన్నాడు. శివరాత్రి అయ్యాక కాన్పు అంటున్నారు. నీ సెలవంతా అప్పటికి దాచుకో. అప్పుడు మాత్రం రాకపోతే ఊరుకోను.

ఇట్లు,
నీ భార్య
మల్లీశ్వరి